చిమ్నీ పాడు

రోజు 1131

చదివే వారికి ఓదెలు నమస్కారాలు. నా చేతిరాత బాగుండదు. ఒత్తులు, దీర్ఘాలు తప్పు పోతాయి. మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే చదివాను. అందులోనూ సగం రోజులు బర్రెల వెంట పోయాను. మన్నించి చదువుకోండి.

మూడేళ్ల నుంచి మీకు రోజుకు ఒక్క మాట రాసి పంపుతున్నాను. షిఫ్టు పుస్తకంలో గడి అంతే ఉంటుంది. బొటనవేలు పెడితే నిండిపోతుంది. ఈరోజు రాయాల్సింది గడిలో పట్టలేదు. అందుకని పేజీ వెనక రాస్తున్నాను.

నేను పాత పవర్‌హౌస్‌కు కాపలాదారును. డెబ్బై ఆరేళ్లు. ఇరవై రెండో ఏట బాయిలర్ దగ్గర పనికి చేరాను. గోడలకు ఎండను తాగే రంగు వేసుకుని ఎవరింటి కరెంటు వాళ్లే పుట్టించుకోవడం మొదలయ్యాక బొగ్గు ఆగిపోయింది. అందరినీ పంపేశారు. ఊళ్లో మిగిలిన ఇటుక చిమ్నీ ఇదొక్కటే కనుక దీన్ని కాపాడాలన్నారు. నన్నూ, నాతో పనిచేసే సమ్మయ్యనూ ఉంచారు.

పొద్దున ఆరింటికి టర్బైన్ హాలు ఊడ్చాను. పావురాల రెట్ట గీకాను. హాలుకు తూర్పు వైపు పదకొండు కమాను కిటికీలున్నాయి. రోజుకు ఒకటి తుడుస్తాను. ఈరోజు ఏడోది. ఇటుకల సందుల్లో రావి మొలకలు నాలుగు పీకాను. వేరుతో రాకపోతే మళ్లీ వస్తాయి.

ఎనిమిదింటికి బండి వచ్చింది. ఇద్దరు దిగారు. గేటు మీద పసుపు రంగుతో పెద్ద ఇంటూ గీశారు. నాలుగు మూలలా నాలుగు పెట్టెలు పెట్టి, నేలకు మేకులు కొట్టి బిగించారు. చెదల పెట్టెలు. లోపల ఉండేవి నిజం చెదలు కావు, ఇసుక రేణువంత యంత్రాలు. జనం చెదలనే అంటారు. మూత లేస్తే ఇటుక, ఇనుము తేడా లేకుండా తింటాయి. నాలుగు రోజుల్లో పిండి మిగులుతుంది. ఆ పిండితో కొత్త గోడలు పోస్తారు. ఒకసారి మొదలైతే ఎవరూ ఆపలేరు.

పెట్టెల మీద 15 అని వెలుగుతోంది.

"సామాను సదురుకో తాతా. అది సున్నా అయిన పొద్దు ఆరింటికి మూతలు లేస్తయ్," అన్నాడు ఒకడు.

ఎందుకు అని అడగాలి. నోటిదాకా వచ్చింది. అప్పటికి బండి మలుపు తిరిగింది.

ఎందుకో మీకు తెలిస్తే రాయండి.

చిమ్నీ: పాడు.

రోజు 1132

పెట్టెల మీద 14.

ఎనిమిదో కిటికీ తుడిచాను. మూడో వరుసలో ఒక అద్దం కదులుతోంది. లప్పం పెట్టాను.

కొమురవ్వ గురించి రాయాలి. సమ్మయ్య భార్య. బాయిలర్ కింద బూడిద ఎత్తే పని చేసేది. సమ్మయ్య పోయాక కూడా ఇక్కడే ఉంది. ఆమె స్విచ్చుల గదిలో, నేను మీటర్ల గదిలో. నేను చెల్లె అంటాను, ఆమె అన్నా అంటుంది. పొద్దున జొన్న గటక తెచ్చి పెట్టి పెట్టెల వైపు చూసింది.

"ఎందుకు పెట్టిన్రంటనే?"

"తెల్వదు."

"అడగలే?"

నేను గటక తింటున్నాను.

"నీ నోరు ఎవలకన్న అరువిచ్చినవానే? ఇస్తే ఇచ్చినవ్ గని, మల్ల అడిగి తెచ్చుకోరాదు?"

పది గంటలకు ఎండ సైరన్ మోగింది. నాలుగింటి దాకా బయట తిరగకూడదు కదా. లోపల కూర్చుని క్రేన్ గొలుసుకు నూనె పూశాను. క్రేన్ ఎత్తేదేమీ లేదు. నూనె పూయకపోతే తుప్పు పడుతుంది.

చిమ్నీ: మూగ.

రోజు 1133

ఉత్తరం వచ్చింది. అచ్చు ఉత్తరం. అట్లాగే ఎక్కించి రాస్తున్నాను.

"పాత విద్యుత్ కేంద్రం కాపలాదారు స్వదస్తూరితో పంపిన 1,130 రోజుల నమోదులను చదువరి పరిశీలించింది. అందులో 1,094 రోజులు 'చిమ్నీ పాడు' అని ఉన్నది. మిగిలిన 36 రోజులు ఏ ఫిర్యాదూ లేదు. మూడేళ్లుగా పాడై ఉన్న కట్టడం ప్రజలకు ప్రమాదకరం. కావున తొలగించవలసినది."

చదువరి అంటే ఆఫీసులో మా పేజీలు చదివే యంత్రం. గేటు గదిలో అద్దం పలక ఉంది. పేజీ దాని మీద బోర్లా పెడితే పచ్చ దీపం వెలిగి 'అందింది' అని పడుతుంది. మూడేళ్లలో దాని నుంచి నేను చూసిన మాట అదొక్కటే.

మొదటి రెండు వాక్యాలు చదివి సంతోషపడ్డాను. 1,094 రోజులు. నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. వాళ్లు ఓపికగా లెక్కపెట్టారు అనుకున్నాను. 'కావున' దగ్గర ఆగిపోయాను. మళ్లీ చదివాను. కలవలేదు. కొమురవ్వకు చదువు రాదు, నన్ను గట్టిగా చదవమంది. చదివాను.

చివరిదాకా విన్నది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఓ అన్నా! పాడు అంటే పాడువడ్డదని సదివిన్రు వాళ్లు!"

"చిమ్నీ పాడింది అని గద రాసిన."

"నువ్వు పాడింది అని రాసినవా, పాడు అని రాసినవా?"

"గడిల పాడు అనే పడ్తది."

"గదే మరి. పాడు కొంప, పాడు మనిషి, పాడు మొకం అన్నట్టు, పాడు చిమ్నీ. పదకొండు వందల రోజులు నువ్వే తిట్టినవ్ దాన్ని."

అప్పుడు ఆమె నవ్వు ఆగింది. పెట్టెల మీద 13 ఉంది.

మీకు తెలియదు కనుక చెబుతాను. సాయంత్రం ఐదింటికి చెరువు వైపు నుంచి గాలి వస్తుంది. ఏ రోజూ తప్పదు. ఆ గాలి చిమ్నీ నోటి మీదుగా పోతుంది. ఇటుకలన్నీ బిగువుగా ఉంటే లోపలి గాలి కదిలి సన్నగా రాగం తీస్తుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చినట్టు. దాన్ని మేము పాడడం అంటాము. ఎక్కడన్నా పగులు ఉంటే గాలి అందులోంచి జారిపోతుంది. అప్పుడు చప్పుడు రాదు. మూగ అంటాము. మూగ అంటే భయపడాలి. మాకంటే ముందు బొగ్గు వేసిన వాళ్ల నుంచీ షిఫ్టు మారేటప్పుడు గడిలో రాసేది ఈ రెండు మాటలే. దిగేవాడు రాస్తాడు, ఎక్కేవాడు చదువుతాడు. ఎవరూ ఎవరికీ అర్థం చెప్పనక్కరలేదు.

కోపం రావాలి. రాలేదు. మెట్లు కడిగాను.

చిమ్నీ: పాడు.

రోజు 1134

12.

పొద్దున ఒక కాగితం రాసి అద్దం మీద పెట్టాను. "అయ్యా, పాడు అంటే పాడు కాదు. పాడు అంటే పాడు." రాశాక చదువుకుంటే నాకే తెలియలేదు.

అందింది, అని పడింది.

కొమురవ్వ వచ్చి అద్దం ముందు నిలబడి అరిచింది. "ఏయ్! లోపల మనిషెవలన్న ఉన్నరా? ఉంటే పలుకున్రి! దీపాలు సూపిచ్చుడు కాదు!"

కాగితం పెట్టలేదు కనుక దీపం కూడా వెలగలేదు.

చిమ్నీ: మూగ.

రోజు 1135

11. కొమురవ్వ తెల్లారగానే ఆఫీసుకు నడిచిపోయింది. సైరన్ మోగేలోపల తిరిగి వచ్చింది. చెప్పులు ఒక మూలకు, తను ఒక మూలకు పడింది. మనిషి దొరికిందట. రేపు వస్తుందట.

"ఏం చెప్పినవ్?" అన్నాను.

"ఏం జెప్త? మా అన్న ఒక్క మాట రాసిండు, దాన్ని మీరు రెండు దిక్కుల సదివిన్రు అన్న."

పన్నెండు రావి మొలకలు పీకాను. వానలు పడలేదు, ఇవి ఏం తాగి మొలుస్తాయో.

చిమ్నీ: మూగ.

రోజు 1136

10.

ఏడింటికి ఆఫీసరమ్మ వచ్చింది. పేరు తహసీన్. నలభై ఏళ్లుంటాయి. ఎండ కోటు వేసుకుని ఉంది, లోపలికి రాగానే విప్పి చేతిమీద వేసుకుంది. హాలు మధ్యలో నిలబడి పైకి చూసింది. ఇనుప దూలాలు, వాటి మీద వరసగా రివెట్లు. చాలాసేపు చూసింది.

"ఇన్ని మేకులు చేత్తోనే కొట్టిన్రా?"

నేను తల ఊపాను.

"ఎంతమంది?"

నేను కొమురవ్వ వైపు చూశాను.

"ఆయన జెప్పడమ్మా," అంది కొమురవ్వ. "మా ఇండ్లల్ల వంట నాది, రాత ఈయనది, మాటలు మా ఆయన జేస్తుండె. ఆయన పాయె. గందుకే ఈ ఆగం."

తహసీన్ నవ్వలేదు. కిటికీ దగ్గర గోడ మీద అరచెయ్యి ఆనించింది. మా గోడలు కరెంటు ఇవ్వవు, ముట్టుకుంటే చల్లగా ఉంటాయి. ఆమెకు అది కొత్త. చెయ్యి తియ్యడం మరచిపోయింది.

"నాకు మీ మాట అర్థమయిందమ్మా. పాడు అంటే పాట. మంచిగనే ఉన్నది. కాని చదువరి చెప్పినదాన్ని కొట్టేసే పవర్ నాకు లేదు."

"పవర్‌హౌస్‌ల నిలవడి పవర్ లేదంటవేందమ్మా!"

ఈసారి నవ్వింది. తర్వాత దారి చెప్పింది. రాసినవాడు తన రాతను తానే దిద్దుకోవచ్చు, దిద్దితే చదువరి మళ్లీ చదివి చూస్తుంది. అదే చేతిరాత ఉండాలి. ఏ రోజుది ఆ రోజుకు వేరుగా, పూర్తి వాక్యంగా రాయాలి. అన్నిటికీ కలిపి ఒక్క కాగితం ఇస్తే చదువరి తీసుకోదు, అది రోజు రోజునూ విడిగా చదువుతుంది. పెట్టెలు సున్నాకు రాకముందే అన్నీ అద్దం మీద పెట్టాలి.

"పదకొండు వందల ముప్పై వాక్యాలా? ఈ ముసలాయనా?" అంది కొమురవ్వ.

"అన్ని వద్దు. పాడు అన్నవి దిద్దండి చాలు. మూగ అన్నవి ముట్టకండి. మూగ అంటే ఏ గోలా లేదని, సవ్యంగ ఉన్నదని తీసుకున్నది చదువరి. అవి మీకు మంచివే కదా?"

నన్నే చూస్తూ అడిగింది.

అది తప్పు అని చెప్పాలి. మూగ అన్నవే చెడ్డవి. ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి అవే ఎక్కువ. కళ్లజోడు తీసి తుడిచాను. మళ్లీ పెట్టుకునేసరికి ఆమె కోటు వేసుకుంటోంది. ఆమె సైరన్ మోగేలోపల పోవాలి, చిమ్నీ పాడేది సాయంత్రం. పాట వినకుండానే పోయింది.

చిమ్నీ: మూగ.

రోజు 1137

9. ఈ రోజు నుంచి రాయడమే. పాత పుస్తకాలు నాలుగు. ఎడమవైపు పుస్తకం, కుడివైపు కాగితం. "ఒకటో రోజు సాయంత్రం గాలి వచ్చినప్పుడు చిమ్నీ పాడింది, కనుక చిమ్నీ బాగున్నది." మొదటి పది సార్లు రాయడానికి గంట పట్టింది. చిమ్నీ బాగున్నది అని మూడేళ్లలో ఒక్కసారీ రాయలేదు. అక్షరాలు కొత్తగా ఉన్నాయి.

నా వేళ్లకు తిమ్మిరి. ముప్పై ఏళ్లు బేరింగుల మీద చెయ్యి పెట్టి వేడి చూసిన వేళ్లు. కలం పట్టుకున్నట్టు తెలియదు. చూస్తూ రాయాలి.

సాయంత్రానికి నూట ముప్పై అయ్యాయి.

చిమ్నీ పాడలేదు.

రోజు 1138

8. కిటికీ తుడవలేదు. 212వ రోజు దగ్గర గడిలో మూగ అని ఉంది. మొదటి మూగ అదే. ముట్టకండి అన్నారు. ఒక గీత జాగా వదిలి 213కు పోయాను.

చిమ్నీ పాడింది. కొంచెంసేపే.

రోజు 1139

7.

ఎండ సైరన్ మోగాక కొమురవ్వ వచ్చి ఎదురుగా కూర్చుంది, చింతకాయలు కొడుతూ. నేను రాసేది చూస్తుంది. చదువు రాకపోయినా అంకెలు తెలుసు.

"ఎంత దాక వచ్చినవ్?"

"మూడు వందల ఎనభై ఏడు."

కొట్టడం ఆపింది. ఆమెకూ తెలుసు. 388 సమ్మయ్య పోయిన రోజు. తెల్లారి జ్వరం ఎక్కువై పోయాడు. పొద్దున సైరన్ మోగేలోపలే తీసుకుపోయాము, నాలుగింటి దాకా అక్కడి నీడలోనే ఉన్నాము. నాలుగున్నరకు వచ్చి స్నానం చేశాను. ఐదింటికి వరండాలో నిలబడ్డాను. గడి నింపాను. ఏడుపు రాలేదు. ఆ రోజూ రాలేదు, తర్వాతా రాలేదు. చెయ్యాల్సిన పనులు వరసగా ఉంటాయి, చేసుకుంటూ పోతాను.

"ఆరోజు ఏం రాసినవే?"

పుస్తకం ఆమె వైపు తిప్పాను. గడి మీద వేలు పెట్టింది.

"పాడు," అన్నాను.

"అవ్. పాడింది. నేను ఇన్న." మళ్లీ చింతకాయలు కొట్టింది. "అందరు ఏడుస్తున్నరు, నాకు అదే ఇనవడ్డది. ఎవలకు జెప్పలే. పిచ్చి లేసిందంటరని."

కాసేపటికి అంది. "దాన్ని గూడ పాడువడ్డదనే సదివిందా ఆ మిషిని?"

"సదివింది."

"మంచిగ రాయి దాన్ని. తప్పు పోకుంట రాయి."

"మూడు వందల ఎనభై ఎనిమిదో రోజు సాయంత్రం గాలి వచ్చినప్పుడు చిమ్నీ పాడింది, కనుక చిమ్నీ బాగున్నది." రాసి చూపించాను. చదవలేకపోయినా చాలాసేపు చూసింది.

చిమ్నీ పాడలేదు.

రోజు 1140

6. నూట ఇరవై రాశాను. చిమ్నీ పాడలేదు.

రోజు 1141

5.

కొమురవ్వ కాగితాలు పేర్చుతూ వదిలిన జాగాలు చూసింది.

"ఇవేంది, పండ్లు ఊడినట్టు?"

"మూగవి."

"ముట్టద్దన్నది గద."

"ఆమెకు తెల్వక అన్నది."

"తెల్వకపోతే తెల్వకపాయె! జాగ ఎందుకు ఇడిసినవ్ మరి? రాద్దామనేనా?"

నేను కాగితాల అంచులు సరిచేశాను.

"ఇను. మూగ అంటే పగులు అని రాసినవనుకో, ఈ ఎండకాలంల అన్ని మూగలే. ఇంక ఆ మిషిని ఏమంటది? ముందు తప్పుగ కూలగొడ్తనన్నది, ఇప్పుడు ఒప్పుగ కూలగొడ్తది. నన్ను తీస్కపోయి ఉత్తరం గూళ్లల్ల ఏస్తరు, నిన్ను దక్షిణం గూళ్లల్ల. నడుమ ఎంత దూరమో ఎర్కేనా? నువ్వు రోజుకు నాలుగు మాటలు మాట్లాడుతవ్. గవ్వి గూడ ఇననియ్యవా నన్ను?"

లేచి పోయింది. సాయంత్రం గటక గిన్నె గడప అవతల పెట్టి, లోపలికి రాకుండా తిరిగిపోయింది.

ఆమె చెప్పింది నిజమే. నాకూ అక్కడికి పోవాలని లేదు. దిక్కులేని ముసలివాళ్లను ఉంచే గూళ్లు అవి, ఆడవాళ్లవి ఉత్తరాన, మగవాళ్లవి దక్షిణాన. గూటిలో ఒక మంచం, ఒక గోడ. ఆ గోడకు కిటికీ ఉండదు.

చిమ్నీ పాడలేదు.

రోజు 1142

4.

తెల్లారి జాగాలు లెక్కపెట్టాను. మూగ రాసిన రోజుల అంకెలు ఒక కాగితం మీద వరసగా వేశాను. ముప్పై ఆరు. మొదటిది 212. తర్వాత ఆరు, అన్నీ వానాకాలంలో. మిగతా ఇరవై తొమ్మిది ఈ ఎండాకాలంలో.

212కు ముందు ఒక్కటీ లేదు. 212కు ముందు ఏం జరిగిందని పుస్తకం తిప్పాను. 198వ రోజు పేజీ అంచున సమ్మయ్య రాత ఉంది. "సిమెంటు."

గుర్తొచ్చింది. చిమ్నీ పాదానికి బలం అని ఎవరో కాంట్రాక్టరు మనుషులు వచ్చి మనిషెత్తు సిమెంటు పట్టీ వేసి పోయారు. పాత ఇటుకకు సున్నం ఉండాలి. సున్నం తడిని పీల్చి వదులుతుంది. సిమెంటు వదలదు, లోపలే పట్టి ఉంచుతుంది, ఇటుక ఉబ్బి పగులుతుంది. బాయిలర్ మనిషి ఎవరికైనా ఇది తెలుసు. ఆ వారం సమ్మయ్య కంటి ఆపరేషన్‌కు పోయాడు. నేనొక్కణ్ణే ఉన్నాను. వాళ్లు పొద్దుటి నుంచి పది దాకా వేశారు, నేను పక్కన నిలబడి చూశాను. ఇది వద్దు అని ఒక్క మాట అనలేదు. మంచినీళ్లు ఇచ్చాను.

సమ్మయ్య కంటికి కట్టుతోనే వచ్చి పట్టీని తడిమి చూసి, పేజీ అంచున ఆ మాట రాశాడు. "నువ్వు సూసుకుంట నిలవడ్డవానే?" అన్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మొత్తం పుస్తకాల్లో పనికొచ్చే మాటలు ఆ ముప్పై ఆరే. మిగతావి బాగుంది, బాగుంది, బాగుంది. ఎక్కడ బాగా లేదో చెప్పేవి అవే. అవి దాస్తే పెట్టెలు పోవచ్చు. రెండు వానాకాలాల తర్వాత చిమ్నీ తనంతట తాను పడుతుంది. అప్పుడు కింద ఎవరుంటారో.

జాగాలు నింపడం మొదలుపెట్టాను. "212వ రోజు సాయంత్రం గాలి వచ్చినా చిమ్నీ పాడలేదు, కనుక చిమ్నీకి ఎక్కడో పగులు ఉన్నది."

తర్వాత అంకెల కాగితం తీసుకుని స్విచ్చుల గదికి పోయాను. గడపలో నిలబడి సిమెంటు సంగతి మొత్తం చెప్పాను. నేను అంతసేపు మాట్లాడడం ఆమె ఎప్పుడూ చూడలేదు. చేతిలో పని పక్కన పెట్టి విన్నది.

"అయితే పగులు ఏడ ఉన్నదో దొరుకుతదా?" అంది చివరికి.

"పొగ వెడితే దొరుకుతది."

"మరి గీ మాట నిన్న జెప్పరాదా? గిన్నె గడప బయట వెట్టేదాన్నా?"

రోజు 1143

3. ఆరింటికి చిమ్నీ పాదం దగ్గర పొగగూడు తలుపు తీశాము. పదేళ్ల నుంచి తీయలేదు, సుత్తెతో కొడితే వచ్చింది. కొమురవ్వ లోపల పచ్చి వేపాకు పేర్చి నిప్పు పెట్టింది. తలుపు మూసి, నేను చుట్టూ తిరిగాను.

పొగ పైకి పోవాలి. సగం పైకి పోలేదు. సిమెంటు పట్టీకి జానెడు పైన, పడమటి వైపు ఇటుకల సందులోంచి దారంలా వచ్చింది. దారం వెంట వేలితో కిందికి పోయాను. పట్టీ వెనక ఉంది పగులు. ఉలితో సిమెంటు ఒక పెచ్చు లేపితే దాంతో పాటు ఇటుక ముఖం ఊడి వచ్చింది. లోపల బిస్కెట్టులా పొడి.

"ఎంతుంది?" కొమురవ్వ కేకేసింది.

చేతులు చాపి చూపించాను. మూడు మూరలు.

"అంతేనా! నేను చిమ్నీ అంతుంటదనుకున్న."

సైరన్ దాకా సిమెంటు కొట్టాము. ఆమె ఉలి పట్టుకుంది, నేను సుత్తె వేశాను. నా వేళ్లకు తెలియదు కనుక ఉలి ఆమె పట్టుకోవాలి. రెండుసార్లు ఆమె చేతి మీద పడింది. నన్ను పాడు మనిషీ అని తిట్టింది. తిట్టి, తనే నవ్వింది.

చిమ్నీ పాడలేదు.

రోజు 1144

2. సున్నం గచ్చు పెట్టాము. గోదాంలో పాత సున్నం కుండీలో నానుతూ ఉంది, పైన నీళ్లు ఎండనివ్వలేదు నేను. ఇసుక కలిపి, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసి రోట్లో వేసి రుబ్బాము. సున్నం తిప్పే గానుగ లేదు. కొమురవ్వ రుబ్బింది, రుబ్బినదాన్ని నేను ఎత్తి చూశాను. వేళ్లకు జిగి తెలియడం లేదంటే ఆమె నాలుక మీద పెట్టుకుని చూసింది, చాలు అంది. చెడిపోయిన ఇటుకలు పందొమ్మిది తీసి, కూలిపోయిన బూడిద గది గోడ ఇటుకలు వాటి జాగాలో పెట్టాము. సందులు నింపి తడి గోనె పట్టలు కప్పాము.

సాయంత్రం రాయడానికి కూర్చున్నాను. తొంభై రాశాను.

చిమ్నీ పాడలేదు. పచ్చి గచ్చు, పాడదు.

రోజు 1145

1.

అన్నీ అయిపోయాయి. 1,094 పాడినవి, 36 పాడనివి. మధ్యాహ్నం మూడింటికి ఆఖరి వాక్యం రాశాను. అరవై నాలుగు కాగితాలు. ఒక్కొక్కటే అద్దం మీద పెట్టాను. అరవై నాలుగు సార్లు అందింది అని పడింది. ఇది అరవై ఐదోది.

ఈ రోజుది పూర్తి వాక్యంగా రాస్తున్నాను. ఈ సాయంత్రం ఐదు గంటలకు చెరువు గాలి వచ్చింది. చిమ్నీ పాడలేదు. పాదం దగ్గర పడమటి వైపు మూడు మూరల పగులు ఉండింది. దాన్ని నిన్న గచ్చుతో మూశాము. సిమెంటు వేసేటప్పుడు నేను అక్కడే ఉండి వద్దనలేదు, ఆ తప్పు నాది. గచ్చు గట్టిపడడానికి ఇరవై ఒక్క రోజులు పడుతుంది. రోజుకు మూడుసార్లు తడపాలి. ఇరవై రెండో రోజు సాయంత్రం ఐదింటికి మీరు ఎవరైనా వచ్చి వరండాలో నిలబడండి. పాడితే ఉంచండి. పాడకపోతే మీ ఇష్టం, నేను ఏమీ అనను.

తహసీన్ ఆఫీసరమ్మకు ఒక మాట. మీరు మూగ మంచిదే కదా అని అడిగినప్పుడు నేను కాదు అనాల్సింది. ఇప్పుడు అంటున్నాను. కాదు.

కొమురవ్వ సామాను సర్దలేదు. గోనె పట్టల మీద నీళ్లు చల్లుతోంది. రేపు పొద్దున కూడా చల్లాలి కదా అని ఇంకో బిందె నింపి పెట్టింది. 

జవాబు రాయండి. అందింది అని కాదు. మనిషి చదివితే మనిషి రాయండి. ఒక్క మాటలో మాత్రం రాయకండి. ఒక్క మాట రాస్తే ఎవరు ఏ దిక్కు నుంచి చదువుతారో తెలియదు. ఎవరు ఆపాలి, ఏది ఆపాలి, ఎన్ని రోజులు ఆపాలి, అన్నీ కలిపి పూర్తి వాక్యం రాయండి. తప్పులున్నా ఏం కాదు. పెట్టెలు పొద్దున ఆరింటికి తెరుచుకుంటాయి. తొందరగా రాయండి.